12 వోల్టుల డ్రిల్లా, 18దా? ముందు బ్యాటరీ సంగతి అడగండి

గృహప్రవేశాల ముహూర్తాలు మొదలయ్యాయంటే చాలు, నన్ను అందరూ అడిగేది ఒకటే. బ్యాటరీ డ్రిల్ కొనాలి, 12 వోల్టులదా, 18 వోల్టులదా? కంపెనీ బాషా, మకిటానా? కొందరైతే ఆన్‌లైన్‌లో సగం ధరకే రెండు బ్యాటరీలతో వచ్చే 48 వోల్టుల మిషన్ ఫొటో పంపి, ఇది ఇంకా బలమైనది కదా అంటారు. విడివిడిగా చెప్పే ఓపిక అయిపోయింది కాబట్టి అన్నీ ఇక్కడే రాసేస్తున్నాను.

ముందు ఆ 48 సంగతి తేల్చేద్దాం. ఈ బ్యాటరీల లోపల ఉండే లిథియం సెల్ ఒక్కొక్కటీ 3.6 వోల్టులు ఇస్తుంది. మూడింటిని వరుసగా కలిపితే 10.8. దాన్నే 12 అని అమ్ముతున్నారు. ఐదు కలిపితే 18. నిండా ఛార్జి అయినప్పుడు ఒక్కో సెల్ 4.2 దాకా ఎక్కుతుంది, అందుకని అదే ఐదు సెళ్ల బ్యాటరీ మీద ఒకరు 20 అని, ఇంకొకరు 21 అని ముద్రిస్తారు. అంతవరకు క్షమించవచ్చు. నిజంగా 48 వోల్టులు కావాలంటే పదమూడు సెళ్లు వరుసగా పేర్చాలి, ఎలక్ట్రిక్ సైకిలు బ్యాటరీలో ఉన్నట్టు. అరచేతిలో ఇమిడే పెట్టె మీద 48 అని ఉన్నా, 128 అని ఉన్నా లోపల ఉన్నవి మామూలు ఐదు సెళ్లే. డబ్బా మీదే అబద్ధం రాసినవాడు లోపల ఎలాంటి సెళ్లు పెట్టి ఉంటాడో మీరే ఆలోచించుకోండి.

ఇక అసలు పోటీ 12కూ 18కీ. ఇంట్లో అల్మరా హింజులు బిగించడానికి, మంచం విప్పి మళ్లీ కలపడానికి, పటాలు తగిలించడానికి 12 చాలు. చాలడమేమిటి, అదే మేలు. 12 వోల్టుల బాష్ జీఎస్‌బీ 120 టార్క్, అంటే తిప్పే బలం, 30 న్యూటన్ మీటర్లు, 18 వోల్టుల మకిటా డీహెచ్‌పీ 482 టార్క్ 62. కాగితం మీద రెండింతల తేడా. కానీ వంటగట్టు కింద నడుం వంచి, ఒంటి చేత్తో స్క్రూ బిగించేటప్పుడు 62 మీకు ఒరగబెట్టేది ఏమీ లేదు, బరువు తప్ప.

తేడా తెలిసేది గోడ దగ్గర. మన విజయవాడ అపార్టుమెంట్లలో ఎర్ర ఇటుక గోడలైనా, ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ బూడిద ఇటుక గోడలైనా, ఏ డ్రిల్ అయినా దిగుతుంది. ప్లాస్టరింగు దాటగానే ఎర్రటి పొడి రాలితే మట్టి ఇటుక, బూడిద రంగు పొడి రాలుతూ బిట్ సాఫీగా లోపలికి పోతే బూడిద ఇటుక. బూడిద రంగు పొడే చిటికెడు రాలి, బిట్ గోరు లోతుకు మించి దిగకుండా కీచుమంటూ ఉంటే అది కాంక్రీటు. కర్టెన్ రాడ్డు బిగించాల్సిన చోటు సరిగ్గా కిటికీ పైనుండే కాంక్రీటు దిమ్మె, లింటెల్. అంటే ఇంట్లో అందరికీ మొదట పడే పని, మిషన్‌కు అన్నిటికంటే కష్టమైన చోటే పడుతుంది. అక్కడ 12 చేతులెత్తేస్తుంది. 18 కూడా గట్టిగా అదిమి పట్టుకుంటే ఒకటి రెండు రంధ్రాలు వేసి ఆయాసపడుతుంది. ఎందుకంటే ఈ డ్రిల్స్‌లో సుత్తి గుర్తు ఉన్నా లోపల ఉన్నవి పళ్ల చక్రాలు రెండు. అవి ఒకదానిమీద ఒకటి రాసుకుంటూ కటకటలాడతాయి, అంతే. కాంక్రీటును నిజంగా కొట్టేది రోటరీ హ్యామర్. అందులో పిస్టన్ గాలిని నొక్కి దెబ్బ వేస్తుంది, బిట్ కూడా వేరే రకం, ఎస్‌డీఎస్ ప్లస్. ఒక్క రోజు పనికైతే వైరుతో నడిచే హ్యామర్‌ను అద్దెకు తెచ్చుకోండి, లేదా ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. దానికోసం 18 కొనడం దండగ.

మరి 18 ఎందుకు? డ్రిల్ కోసం కాదు. ఆ బ్యాటరీ తరవాత ఇంకా వేటికి సరిపోతుందో దానికోసం. నా దృష్టిలో ఈ వ్యవహారమంతా తేలేది ఇక్కడే. దుకాణంలో మనం టార్క్, చక్ (బిట్‌ను పట్టుకునే మూతి) సైజు అడిగి బేరమాడతాం. డ్రిల్‌లో గేరు అరిగితే, స్విచ్ పోతే, కార్బన్ బ్రష్‌లు కాలితే ఆటోనగర్‌లో ఎవరో ఒకరు సరిచేసి ఇస్తారు. బ్యాటరీ చచ్చిపోతే కొత్తది కొనాల్సిందే. డ్రిల్ కంటే ముందు చచ్చేదీ అదే. కాబట్టి మిషన్ చేతిలోకి తీసుకోకముందే అడగవలసిన మాట: ‘దీని బ్యాటరీ విడిగా దొరుకుతుందా అండీ, ఎంత?’ దుకాణదారు లోపలికి వెళ్లి డబ్బా తెచ్చి చూపిస్తే సరే. ‘అప్పుడు చూద్దాంలెండి’ అంటే ఆ మిషన్ అక్కడే పెట్టేసి రండి.

మన ఊళ్లో ఇంకో పరీక్ష ఎండ. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, లిథియం సెళ్లు ఒక లెక్కా? ఎక్కువ వేడిలో, అదీ నిండా ఛార్జి చేసి ఉంచితే, వాటి ఆయుష్షు వేగంగా తరిగిపోతుంది. మే నెల మధ్యాహ్నం పనిచేసి వేడెక్కిన బ్యాటరీని ఛార్జర్‌లో పెడితే మంచి ఛార్జర్ ఒప్పుకోదు, చల్లారేదాకా దీపం మిణుకు మిణుకుమంటూ కూర్చుంటుంది. చౌక రకం మాత్రం ఆ వేడిలోనే ఎక్కించేస్తుంది, మనకూ హుషారుగానే ఉంటుంది, మరుసటి వేసవికి బ్యాటరీ ఉండదు. మకిటా డీసీ18ఆర్‌సీ ఛార్జర్‌లో చిన్న ఫ్యాను ఉంది. అది బ్యాటరీ లోపలినుంచి గాలి పంపి చల్లబరుస్తూ ఎక్కిస్తుంది, 3 ఆంపియర్ అవర్ల బ్యాటరీ 22 నిమిషాల్లో నిండుతుంది. నన్ను మకిటా వైపు తిప్పింది ఈ ఫ్యానే. అయితే చౌక కిట్లలో డీసీ18ఎస్‌డీ అనే చిన్న ఛార్జర్ రావచ్చు, దానికి ఫ్యాను లేదు, కాబట్టి డబ్బా తెరిపించి చూసుకోండి. ఏ కంపెనీదైనా సరే, వాడనప్పుడు సగం ఛార్జితో ఇంట్లో నీడపట్టున ఉంచండి. స్కూటర్ డిక్కీలో మాత్రం వద్దు.

మకిటా 18 వోల్టుల ఎల్‌ఎక్స్‌టీ వరస 2005లో మొదలైంది, ఇప్పటికీ నడుస్తోంది. 20 మిల్లీమీటర్ల రంధ్రం వేసే డీహెచ్‌ఆర్ 202 హ్యామర్, గ్రైండర్, బ్లోయర్, ఆఖరికి కరెంటు పోయినప్పుడు తిప్పుకునే టేబుల్ ఫ్యాను కూడా ఆ ఒక్క బ్యాటరీతోనే నడుస్తాయి. (విజయవాడలో ఉండేవారికి ఆ చివరిదొక్కటే చాలు.) బ్యాటరీ లేకుండా ఒట్టి మిషన్ కొనుక్కుంటే ధర బాగా తగ్గుతుంది.

బాష్ నీలం రంగు వరస కూడా ఏ విధంగానూ తక్కువ కాదు. వన్‌టౌన్‌లోనూ గుంటూరు పట్నంబజారులోనూ మకిటా కంటే సులువుగా కనబడేది అదే. రోజూ పనిమీద తిరిగే వడ్రంగికి ఆ ఒక్క కారణమే చాలు, నేను కాదనను. ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం: బాష్ ఆకుపచ్చ రంగు వరస 18 బ్యాటరీ నీలం మిషన్‌కు పట్టదు. మకిటాలోనూ జీ సిరీస్ బ్యాటరీ ఎల్‌ఎక్స్‌టీకి పట్టదు. రెండింటి మీదా 18 అనే ఉంటుంది, తొందరలో పొరబడతారు.

డివాల్ట్ మంచి మిషనే, మీకు దగ్గరలో బ్యాటరీ దొరికితే తీసుకోండి. ఇంగ్‌కో, స్టాన్లీ లాంటివి బడ్జెట్ బిగుతుగా ఉన్నవారికి పనికొస్తాయి, కానీ రెండో బ్యాటరీ మొదటి రోజే కొనుక్కోండి.

ఇల్లు కట్టుకుంటున్నవారికీ, చెక్కపని అలవాటున్నవారికీ నా మాట మకిటా 18. అపార్టుమెంటులో నెలకో స్క్రూ బిగించేవారికి బాష్ 12, రెండు బ్యాటరీలతో. ఎవరు ఏది కొన్నా కిట్‌తో వచ్చే బిట్లను నమ్మకండి. 6 మిల్లీమీటర్ల మంచి కాంక్రీటు బిట్ ఒకటి విడిగా కొనుక్కుంటే, మిషన్‌ది అనుకుని తిట్టే తప్పుల్లో సగం అక్కడే పోతాయి.