కలకత్తాలో రోజుకో రూటు: ఆరేళ్లుగా ఫోన్ మ్యాప్‌తో నా అనుభవం

మాది బరంపురం. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా. సాయంత్రం రైలెక్కితే తెల్లారేసరికి హౌరాలో దిగొచ్చు. అందుకే ఇచ్ఛాపురం, సోంపేట వైపు చుట్టాల్లో ఎవరికి కాళీమాత దర్శనం చేసుకోవాలనిపించినా ముందు మా ఇంటికే వస్తారు. 2019 నుంచి ఏడుసార్లు అలా పెద్దవాళ్లను వెంటబెట్టుకుని కలకత్తా వెళ్లాను. ప్రతిసారీ ఏ రోజు ఎక్కడెక్కడికి వెళ్లాలో ఫోన్‌లోని మ్యాప్ యాప్‌లోనే వేసుకున్నాను. ఇన్నాళ్లు వాడాక నాకు తెలిసింది ఇది: ఏది దేనికి దగ్గరో మ్యాప్ చక్కగా చూపిస్తుంది. ఏది ముందు, ఏది తర్వాత అన్నది మాత్రం మనమే కూర్చుని తేల్చుకోవాలి.

మొదటిసారి దూరాలు మాత్రమే చూసి వరస వేశాను. దిగేది హౌరాలో, రామకృష్ణ మిషన్ వాళ్ల బేలూరు మఠం కూడా గంగకు అదే ఒడ్డున ఉంది, అక్కడి నుంచి నది దాటితే దక్షిణేశ్వరం కాళీ గుడి. మ్యాప్‌లో గీత తిన్నగా, ముచ్చటగా కనిపించింది. తీరా స్నానాలూ అవీ ముగించుకుని బేలూరు చేరేసరికి పన్నెండయింది. మఠం పదకొండున్నరకే మూసేస్తారు, మళ్లీ తెరిచేది సాయంత్రం నాలుగు ప్రాంతంలో. సరే అని టాక్సీలో బాలీ వంతెన దాటి దక్షిణేశ్వరం వెళ్తే అక్కడా అప్పుడే తలుపులు వేశారు. మా అత్తయ్య అమ్మవారిని చూసేదాకా పచ్చి మంచినీళ్లు ముట్టనని ఉపవాసం ఉన్నారు. మూడు దాటేదాకా ఘాట్ మెట్ల మీద కూర్చున్నాం. ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు. ఎండకు వాడిపోయిన ఆ ముఖం నాకింకా గుర్తుంది.

అప్పటి నుంచి నా పద్ధతి మారింది. ముందుగా ఒక కాగితం మీద మూసే వేళలు, సెలవు రోజులు రాసుకుంటాను. విక్టోరియా మెమోరియల్ గ్యాలరీలు, ఇండియన్ మ్యూజియం, జొరాసాంకోలో ఠాగూర్ ఇల్లు, ఈ మూడూ సోమవారం ఉండవు. అలీపూర్ జూకు గురువారం సెలవు. కాళీఘాట్ గుడి కూడా మధ్యాహ్నం కొన్ని గంటలు మూసి ఉంటుంది. ఇవన్నీ రాసుకున్నాకే మ్యాప్ తెరుస్తాను. వేళలు యాప్‌లోనూ కనిపిస్తాయి కానీ పండగ రోజుల్లో వాటినే నమ్ముకోను. ముందురోజు ఫోన్ చేసి కనుక్కుంటాను.

ఇప్పుడు నేను వేసే మొదటి రోజు రూటు ఆ 2019 నాటి దానికి సరిగ్గా తలకిందులు. తెల్లవారుజామునే టాక్సీలో దక్షిణేశ్వరం. దర్శనం అయ్యాక అక్కడి ఘాట్ నుంచే పడవలో బేలూరు. పదకొండులోపు మఠం చూడటం కూడా అయిపోతుంది. గంగ మీద ఆ పడవ ప్రయాణమే చాలామందికి గుళ్లకంటే ఎక్కువ గుర్తుండిపోతుంది. మా పిన్ని ఊరికి తిరిగి వెళ్లాక కూడా దాని గురించే చెబుతూ ఉండేది.

యాప్‌లో నాకు బాగా నచ్చింది జాబితాలు. రోజుకో జాబితా పెట్టి, చూడాల్సినవి అందులో దాచుకుంటాను. ఒక్కో చోటు కింద నోట్ రాసుకోవచ్చు, అదీ తెలుగులోనే. 'చెప్పులు ఎడమ పక్కన వదలాలి', 'ఇక్కడ మెట్లు ఎక్కువ', 'మంచినీళ్లు బయటే కొనాలి'. జాబితాను ఇంట్లో అందరికీ పంపించవచ్చు కాబట్టి గుంపులో ఎవరైనా వెనకపడినా తర్వాత ఎక్కడికి వెళ్తామో వాళ్లకు తెలుస్తుంది. మనం ఒడియా బోర్డులు చదవగలం గానీ బెంగాలీ అక్షరాలు వేరు, పెద్దవాళ్లకు అసలు అర్థం కావు. తెలుగు నోట్ చూసుకుంటే వాళ్లకు ధైర్యంగా ఉంటుంది. మాట వరకు అంత ఇబ్బంది లేదు, ఒడియా వచ్చినవాళ్లకు బెంగాలీ చాలావరకు తెలుస్తుంది.

నచ్చనిది కూడా చెప్పాలి. ఒకే రూటులో చాలా చోట్లు కలుపుకునే వీలు కారుకు, నడకకు ఉంది గానీ మెట్రోకు లేదు. మెట్రోలో అయితే ఒక్కో మజిలీకి విడిగా వెతుక్కోవాలి. కారు రూటులోనూ మనం ఇచ్చిన వరస తప్పైతే అది సర్దదు. అలాగే చూపిస్తుంది. దక్షిణేశ్వరం, కాళీఘాట్, జొరాసాంకో అని ఇస్తే ఊరు ఆ చివర నుంచి ఈ చివరకు వెళ్లి మళ్లీ వెనక్కి సగం దూరం రమ్మంటుంది. ముందే డౌన్‌లోడ్ చేసి దాచుకున్న మ్యాప్‌తో సిగ్నల్ లేనప్పుడు కారు దారి దొరుకుతుంది గానీ నడక దారి, మెట్రో దారి రావు. నడకకు ఎన్ని నిమిషాలో చెబుతుంది, ఎన్ని మెట్లో చెప్పదు. మోకాళ్ల నొప్పులున్న వాళ్లకు ముందు తెలియాల్సింది మెట్ల సంగతే.

రోడ్డు మీద అది చూపించే సమయానికి నేను ఎప్పుడూ అరగంట కలుపుతాను. కలకత్తాలో కొన్ని వన్‌వేలు మధ్యాహ్నం దాటాక దిశ మార్చుకుంటాయి. పొద్దున వెళ్లిన వీధిలోంచే సాయంత్రం తిరిగి వస్తామనుకుంటే కుదరదు. ఒకసారి ఈ సంగతి తెలియక రైలు తప్పిపోతుందేమోనని హౌరా చేరేదాకా ఒకటే టెన్షన్.

అందుకే రెండో రోజును పూర్తిగా మెట్రో బ్లూ లైన్ మీద పెట్టేస్తాను. ఇది 1984లో మొదలైన, దేశంలోనే మొదటి మెట్రో. 2021లో దక్షిణేశ్వరం దాకా పొడిగించారు. ఉత్తరాన దక్షిణేశ్వరం, దక్షిణాన కాళీఘాట్, రెండూ ఒకే లైను మీద ఉన్నాయి. మధ్యలో మట్టి విగ్రహాలు చేసే కుమార్‌టులికి శోభాబజార్, ఠాగూర్ ఇంటికి గిరీష్ పార్క్, మ్యూజియానికి పార్క్ స్ట్రీట్, విక్టోరియాకు రవీంద్ర సదన్. ఇది అర్థమయ్యాక రూటు వేయడం నాకు చాలా తేలికైంది. చూడాల్సిన చోట్లను స్టేషన్ల వరసలో పెట్టుకుని, మూసే వేళలు చూసి ఉత్తరం నుంచి మొదలుపెట్టాలో దక్షిణం నుంచో నిర్ణయించుకుంటే సరిపోతుంది. ఆదివారం మెట్రో ఆలస్యంగా మొదలవుతుంది, అది గుర్తుంచుకోవాలి.

2024 మార్చిలో హౌరా మైదాన్, ఎస్ప్లనేడ్ మధ్య గంగ కింద నుంచి మెట్రో వచ్చింది. నది అడుగున అర కిలోమీటరుకు కాస్త ఎక్కువ దూరం, ముప్పావు నిమిషంలో దాటేస్తుంది. స్టేషన్ నుంచి బయటపడి టాక్సీ కోసం వంతెన దగ్గర నిలబడే బాధ తప్పింది. కానీ పెద్దవాళ్లతో వెళ్తే 1943 నాటి హౌరా వంతెనను ఒక్కసారైనా పైనుంచి దాటించాలని నా పట్టు. అందుకే వెళ్లేటప్పుడు మెట్రో, వచ్చేటప్పుడు వంతెన.

వచ్చే నెల మా మామయ్య వస్తున్నారు. శిబ్‌పూర్ బొటానికల్ గార్డెన్‌లో ఆ మహా మర్రిని చూడాలని ఆయన కోరిక. అది హౌరా వైపే ఉంది, కాబట్టి మూడో రోజుకు హౌరా ఒడ్డు జాబితా ఒకటి కొత్తగా తెరిచాను. మర్రి ఒక్కటే పెట్టాను ఇప్పటికి. నోట్‌లో మాత్రం 'మామయ్యకు గొడుగు, నడక ఎక్కువ' అని రాసి ఆయన ఫోన్‌కు పంపించాను.