లాంచ్‌కి ముందు విన్నవి, పదమూడేళ్లు ఆడాక మిగిలినవి: గిల్డ్ వార్స్ 2

మా మేనల్లుడు ఇంటర్ రెండో సంవత్సరం. పోయిన నెల ఫోన్ చేసి, "మామయ్యా, కొత్త ఆన్‌లైన్ ఆర్పీజీ ఒకటి వస్తోంది. ప్రీఆర్డర్ చేస్తే మూడు రోజులు ముందే లోపలికి రానిస్తారట. అమ్మకి నువ్వు చెప్పి కార్డు ఇప్పించవా" అన్నాడు. "మూడు రోజులు ముందే" అన్న మాట దగ్గరే ఆగిపోయాను. 2012లో నేనూ సరిగ్గా ఆ మూడు రోజుల కోసమే డబ్బు కట్టించాను. గేమ్ ఆగస్టు 28న విడుదల, ముందే కొన్నవాళ్లకి 25న తలుపులు తీశారు. ఆ గేమ్ పేరు గిల్డ్ వార్స్ 2. ఇప్పటికీ ఆడుతున్నాను. వాడికి ఫోన్‌లో సగం చెప్పి, మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

అప్పుడు నాది విశాఖలో ఇంజనీరింగ్ మూడో ఏడు. ఇంట్లో ఎవరి దగ్గరా విదేశీ వెబ్‌సైట్లలో పనిచేసే కార్డు లేదు. డాలస్‌లో ఉండే మా పెదనాన్నగారబ్బాయి 60 డాలర్లు పెట్టి కోడ్ కొని మెయిల్ చేశాడు. డబ్బు పంపిస్తానన్నయ్యా అంటే, "వచ్చినప్పుడు మాడుగుల హల్వా తెచ్చిపెట్టు, చాలు" అన్నాడు. రెండు కేజీలు ఇచ్చాను. ఆ లెక్కన హల్వాతో కొన్న గేమ్ ఇది.

కొనడానికి ముందు రెండేళ్లు వీడియోలు చూస్తూ గడిపాను. ఈ గేమ్ చేసిన ఎరీనానెట్ వాళ్లు 2010లో 'మానిఫెస్టో' అని ఒక వీడియో వదిలారు. దాన్ని నేను ఎన్నిసార్లు చూశానో చెప్పుకుంటే సిగ్గు. అందులోంచీ ఆ తర్వాతి ఇంటర్వ్యూల్లోంచీ మా బుర్రకెక్కినవి ఇవి: లోకం మన చేతలకి స్పందిస్తుంది, దెబ్బలు కాసే ట్యాంక్, గాయాలు మాన్పే హీలర్, కొట్టే డ్యామేజ్ అనే పాత ముక్కోణం ఉండదు, ఆయుధాల కోసం ఏళ్ల తరబడి గానుగెద్దులా తిరగక్కర్లేదు, నెలవారీ చందా లేదు. నాలుగూ నమ్మాను. ఇప్పుడు వెనక్కి చూస్తే ఆ నాలుగింటి బతుకులూ నాలుగు రకాలుగా నడిచాయి. ఈ సమీక్షలో నేను చెప్పదలచుకున్నది కూడా అదే.

లోకం స్పందించడం సంగతి మొదటి బీటాలోనే, అంటే విడుదలకి ముందు పెట్టిన ట్రయల్‌లోనే, తెలిసింది. 2012 ఏప్రిల్ 27 నుంచి మూడు రోజులు. మనిషి, చార్, నోర్న్ జాతులు మాత్రమే ఆడనిచ్చారు. అసురా, సిల్వరీ జూలైలో మూడో బీటాకి గానీ రాలేదు. క్లయింట్ (గేమ్ ఫైళ్లు) మొత్తం దిగకముందే ఆట మొదలుపెట్టనివ్వడం ఒక వరం. లేకపోతే మా బ్రాడ్‌బ్యాండ్ నెల కోటా దాటి, స్పీడు నత్తనడకకి పడిపోయి, ఆ మూడు రోజులూ డౌన్‌లోడ్ గీతని చూస్తూ కూర్చునేవాణ్ని. మనిషి వారియర్‌ని చేసుకుని క్వీన్స్‌డేల్ అనే ప్రాంతంలో దిగాను. ఒక పల్లె మీదికి సెంటార్లు వచ్చిపడ్డాయి, నడుం దాకా మనిషి, కింద గుర్రం. ముక్కూమొహం తెలియని పదిహేను మందిమి కలిసి తరిమేశాం. పల్లెజనం చప్పట్లు కొట్టారు. నా చేతులు నిజంగా వణికాయి. వంటింట్లోకెళ్లి టీ పెట్టుకుని, కప్పుతో వచ్చి కూర్చున్నాను. అదే పల్లె, అవే సెంటార్లు, మళ్లీ అదే కేక.

నవ్వొచ్చింది గానీ మోసపోయాననిపించలేదు. ఓడిపోతే పల్లె వాళ్ల చేతికి పోతుంది, వెనక్కి గుంజుకునే ఇంకో ఈవెంట్ మొదలవుతుంది. గెలిస్తే కాసేపటికి మళ్లీ దాడి. లోకం మారుతుందన్నది అబద్ధం కాదు. మారి మళ్లీ మొదటికొస్తుంది. లాంచ్‌కి ముందు మాటలు వినేటప్పుడు ఈ తేడా పట్టుకోవాలి. "మీ నిర్ణయాలు ప్రపంచాన్ని మారుస్తాయి" అని ఏ కంపెనీ చెప్పినా, ఎంతసేపు మారుస్తాయి అని అడగండి. వేల మంది ఒకే పల్లెని కాపాడాల్సిన ఆటలో ఆ పల్లె ఎప్పటికీ క్షేమంగా ఉండిపోతే రెండోవాడికి పనేముంటుంది?

ముక్కోణం లేదన్న మాట మూడేళ్లు నిలిచింది. ప్రతివాడికీ సొంత హీల్ స్కిల్ ఉంటుంది, పడిపోయినవాణ్ని ఎవరైనా లేపొచ్చు, దెబ్బ పడబోయే చోటుని చూపే ఎర్ర వలయంలోంచి దొర్లి తప్పించుకోవడం ఎవరి బాధ్యత వాళ్లదే. వినడానికి బాగుంది. చిన్న జట్టుగా వెళ్లే డంజన్లలో జరిగింది వేరు: ఐదుగురూ దెబ్బ బలం కోసమే చేసిన బెర్సర్కర్ సామాను తొడుక్కుని, ఒక మూల ఇరుక్కుని నిలబడి, రాక్షసుణ్ని ఆ మూలకి లాగి, వాడు మనల్ని కొట్టేలోపు వాణ్ని చంపేయడం. అదే ఆట, అదే వ్యూహం. 2015 అక్టోబరులో హార్ట్ ఆఫ్ థార్న్స్ అనే మొదటి ఎక్స్‌పాన్షన్ (గేమ్‌కి డబ్బిచ్చి కొనే కొత్త భాగం) వచ్చింది, దాని వెనకే నవంబరులో పదిమంది కలిసి ఆడే కష్టమైన రెయిడ్లు వచ్చాయి, రేంజర్‌కి డ్రూయిడ్ అనే హీలర్ అవతారం వచ్చింది. ఇవాళ గ్రూప్ వెతికే కిటికీ తెరిస్తే "హీల్ ఒకరు కావాలి, అలాక్రిటీ (జట్టు స్కిల్స్ త్వరగా తిరిగొచ్చేలా చేసేవాడు) ఒకరు కావాలి" అనే కనబడుతుంది. ముక్కోణం పెరటి గుమ్మంలోంచి తిరిగొచ్చింది. పాత ఆటగాళ్లు చాలామంది దీన్ని ద్రోహం అన్నారు. నేను మాత్రం మూల సందులోంచి బయటపడ్డందుకు సంతోషించాను. నా పని ఏమిటో తెలిసి ఆడటం వేరు, పదిమందిలో ఒకడిగా కత్తి ఊపడం వేరు.

ఆయుధాల గానుగ సంగతి ఇంకా ముందే తేలింది. గేమ్ వచ్చిన మూడు నెలలకే, 2012 నవంబరులో, అప్పటిదాకా పైమెట్టు అనుకున్న ఎగ్జాటిక్ పైన అసెండెడ్ అనే కొత్త మెట్టు పెట్టారు. గొడవ గొడవ అయింది. మాట తప్పారని నేనూ నాలుగు పేరాలు తిట్టాను. అసెండెడ్ ఆయుధం చేసుకోవాలంటే కావాల్సిన మిత్రిలియం ముద్ద రోజుకొకటే తయారవుతుంది. నేను 2014లో ఒక గొడ్డలి కోసం వారాల తరబడి, పళ్లు తోముకోకముందే లాగిన్ అయి, ముద్ద చేసి, లాగౌట్ అయి కాలేజీకి పోయాను. మా అమ్మ, "పొద్దున్నే ఆ పెట్టెకి దండం పెట్టుకుంటాడేంటి వీడు" అనేది.

ఆ గొడ్డలి ఇప్పటికీ నా చేతిలోనే ఉంది. దానికంటే ఎక్కువ బలమున్న ఆయుధం ఈ పదకొండేళ్లలో గేమ్‌లోకి రాలేదు. ఆరు ఎక్స్‌పాన్షన్లు వచ్చాయి, లెవెల్ పరిమితి 80 దగ్గరే ఉంది. లెజెండరీ ఆయుధాలకీ బలం ఇంతే, సౌకర్యం ఎక్కువ. ఉద్యోగంలో చేరాక రెండేళ్లు అస్సలు ఆడలేదు, పెళ్లప్పుడు ఇంకో ఎనిమిది నెలలు ఆగింది. తిరిగొచ్చిన ప్రతిసారీ నా సామాను నాకు పనికొచ్చింది. వేరే గేముల్లో ఏడాది సెలవు పెడితే చెత్తబుట్టే గతి. మాట ఒకసారి తప్పినవాళ్లు ఆ తర్వాత అదే గీత మీద నిలబడ్డారు. ఇది 2012లో ఏ ట్రైలర్ చూసినా తెలిసేది కాదు.

అసలు చెక్కుచెదరనివి ఎవరూ పెద్దగా డప్పు కొట్టనివి. కెసెక్స్ హిల్స్‌లో ఇనుప ఖనిజం కనబడి పరిగెత్తుతుంటే అవతలి నుంచి ఇంకొకడు పరిగెత్తుకొస్తాడు. వేరే ఆటల్లో ముందు చెయ్యి వేసినవాడిదే. ఇక్కడ ఇద్దరం పక్కపక్కన నిలబడి తవ్వుకుంటాం, ఎవరి ఇనుము వాళ్లకి. రాక్షసుణ్ని నేను కొడుతుంటే నువ్వొచ్చి ఒక దెబ్బేసినా నా లూట్ (వాడు చచ్చాక దక్కే సొమ్ము) తగ్గదు. కుళాయి దగ్గర బిందెల తగాదా లేని వీధి ఎలా ఉంటుందో అలా ఉంటుంది జనం ప్రవర్తన. కొత్తవాడు కనబడితే "అమ్మయ్య, ఇంకొకడు తోడొచ్చాడు" అనిపిస్తుంది. ఇది ఆట పునాదిలో పోసిన కాంక్రీటు, ప్యాచ్‌తో పీకేసేది కాదు. చిన్న లెవెల్ ప్రాంతానికి వెళ్తే మన లెవెల్ కూడా కిందికి దిగిపోవడం కూడా అంతే. 2014 ఏప్రిల్‌లో మెగాసర్వర్ పెట్టి వేర్వేరు సర్వర్ల జనాన్ని ఒకే మ్యాప్‌లోకి కలపడంతో, ఇవాళ క్వీన్స్‌డేల్‌లో దిగినా ఆ సెంటార్లని తరమడానికి మనుషులుంటారు.

డబ్బు లెక్క. అసలు గేమ్ 60, తర్వాత ఎక్స్‌పాన్షన్లు వరసగా 50, 30, 30, 25, 25, 25. మొత్తం 245 డాలర్లు, పదమూడేళ్లకి. నెలకి 15 డాలర్ల చందా గేమ్ అయితే ఇదే కాలానికి 2,340 అయ్యేది. అసలు డబ్బుతో కొనే జెమ్స్ పెట్టి గేమ్ షాపులో వేషాలూ రంగులూ కొన్నది నా బలహీనత, అది ఈ లెక్కలో వేయను, మా ఆవిడకి కూడా చెప్పలేదు. గేమ్‌లో సంపాదించిన బంగారంతోనే జెమ్స్ మార్చుకోవచ్చు, ఓపిక ఉంటే. 2015 ఆగస్టు నుంచి మూల గేమ్ ఉచితం. కొన్ని పరిమితులుంటాయి గానీ 80 లెవెల్ దాకా వెళ్లొచ్చు.

మన దగ్గర్నుంచి ఆడేవాళ్లకి పింగ్ (మనం నొక్కింది సర్వర్‌కి చేరి తిరిగొచ్చే ఆలస్యం) పెద్ద తలనొప్పి, దాని గురించి ఏ ట్రైలరూ చెప్పదు. ఈ గేమ్‌కి సర్వర్లు యూరప్‌లోనూ అమెరికాలోనూ ఉన్నాయి, మనకి దగ్గర్లో లేవు. హైదరాబాద్ నుంచి నాకు యూరప్‌కి 160–190 మిల్లీసెకన్లు, అమెరికాకి 270 పైన. యూరప్ ఎంచుకోండి. డాడ్జ్‌కి, అంటే దొర్లి తప్పించుకోవడానికి, రెండుసార్లకే ఓపిక ఉంటుంది, అది కూడా వలయం ఎర్రబడ్డాక నొక్కితే ఆలస్యం. రాక్షసుడి భుజం లేచినప్పుడే నొక్కడం అలవాటు చేసుకోవాలి. నాకు ఆరు నెలలు పట్టింది. ఆటగాళ్లతో ఆటగాళ్లు కొట్టుకునే పీవీపీలో పై ర్యాంకుల మీద ఆశ వదిలేశాను.

గడియారం కూడా మనది కాదు. రోజువారీ పనులు మారేది మనకి తెల్లవారి 5:30కి, సుప్రభాతం టైముకి. యూరప్ వాళ్లు భోంచేసి తీరిగ్గా కూర్చునేసరికి మనకి అర్ధరాత్రి. ఒక్క టెక్వాటల్ మాత్రం మన మీద దయ చూపింది: ఆ డ్రాగన్ లేచే వేళల్లో ఒకటి రాత్రి 9:30. 2013 సెప్టెంబరులో దాన్ని కొత్తగా కష్టం చేసినప్పుడు రోజుల తరబడి వరసగా ఓడిపోయాం. విషం మడుగులు, ఫిరంగులు వాడటం రానివాళ్లు ఫిరంగుల మీద, ముంచుకొచ్చే అల, పదిహేను నిమిషాల గడువు. ఒక రాత్రి గడువు అయిపోతుంటే మ్యాప్ చాట్‌లో ఎవరో ఇంగ్లీషు అక్షరాల్లో "అమ్మో పోయాం" అని కొట్టారు. ఆట వదిలేసి అతనికి మెసేజ్ పెట్టాను, "ఎక్కడండీ మీది?" అని. "కాకినాడండీ, ఇప్పుడు ఆక్లాండ్‌లో." ఆ రాత్రి డ్రాగన్ గెలిచింది. మేమిద్దరం ఇంకో గంట కాజాల గురించి మాట్లాడుకున్నాం. "మీరు" కాస్తా వారంలో "బ్రో" అయి, నెలలో "ఒరేయ్" అయింది. మా గిల్డ్‌లో, అంటే ఆటలోని మా జట్టులో, ఇప్పుడు ఆరుగురు తెలుగువాళ్లున్నారు, ఒకే ఊళ్లో ఇద్దరు లేరు.

లాంచ్ రోజు గురించి పెద్దగా చెప్పడానికి లేదు. ట్రేడింగ్ పోస్ట్ (గేమ్‌లోని బజారు) మొదటి రోజుల్లో ఎక్కువ భాగం మూతపడే ఉంది, మ్యాప్ నిండితే ఓవర్‌ఫ్లో అనే అదనపు మ్యాప్‌లోకి తోసేవారు, రద్దీ తట్టుకోలేక కంపెనీ తన సైట్‌లో అమ్మకాలే కొన్నాళ్లు ఆపేసింది. ఏ ఆన్‌లైన్ గేమ్‌కైనా మొదటి వారం తిరునాళ్లే. ఆ వారాన్ని చూసి మంచీచెడూ తేల్చకండి. న్యూ వరల్డ్ 2021 సెప్టెంబరు 28న వచ్చినప్పుడు స్టీమ్‌లో ఒకేసారి తొమ్మిది లక్షల పైచిలుకు జనం, గంటల కొద్దీ క్యూలు. 2025 అక్టోబరులో ఇక కొత్త కంటెంట్ ఉండదని చెప్పేశారు. ఫైనల్ ఫాంటసీ 14 దానికి తిరగబడ్డ కథ: 2010లో వచ్చి అందరిచేతా చీవాట్లు తింది, 2012 నవంబరులో ఆపేసి, 2013 ఆగస్టులో మళ్లీ కట్టి వదిలితే ఇప్పటికీ నడుస్తోంది. లాంచ్ రోజు మనం చూసేది పెళ్లి ఊరేగింపు, కాపురం కాదు.

అందుకే మేనల్లుడికి మూడు ప్రశ్నలిచ్చాను. ఒకటి, ఇంకొకడు నా పక్కకి వస్తే నాకు లాభమా నష్టమా, బీటా వీడియోల్లో ఖనిజాలూ లూటూ చూసి చెప్పు. రెండు, ఏడాది ఆగి తిరిగొస్తే నా సామాను పనికొస్తుందా, ఆ కంపెనీ ముందు చేసిన గేముల్లో ఏం జరిగిందో వెతుకు. మూడు, సర్వర్ ఎక్కడ పెడుతున్నారు. ముంబై, సింగపూర్ అంటే పండగే.

రెండు రోజుల్లో మొదటి రెండింటికీ జవాబులు పట్టుకొచ్చాడు. మొదటిదానికి "ముందు కొట్టినవాడిదే మామయ్యా" అని కాస్త నీరసంగా. మూడోది ఎక్కడా దొరకలేదట, అది తేలేదాకా అక్కకి ఫోన్ చేయనన్నాను. ఈలోపు ఆడుకోమని గిల్డ్ వార్స్ 2 ఉచిత ఖాతా ఒకటి తెరిపించాను. నిన్న రాత్రికి వాడి ఇంజనీర్ పాత్రది 23వ లెవెల్. ప్రీఆర్డర్ మాట మాత్రం మానలేదు, ఇంకా తొమ్మిది రోజులే ఉందంటూ పొద్దున కూడా మెసేజ్ పెట్టాడు.