ఊళ్ళో చిన్న సదస్సా, పొరుగూరి మహాసభలా? రాసేవాళ్ళకి ఏది మేలు?

చలికాలం మొదలైతే చాలు, రాసేవాళ్ళ ఫోన్లకి ఆహ్వాన పత్రికలు వచ్చి పడుతుంటాయి. విజయవాడలోనో హైదరాబాదులోనో రెండు మూడు రోజుల మహాసభలు ఒకవైపు. మన విశాఖపట్నంలో ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలోనో, ఏదో ఒక కాలేజీ సెమినార్ హాల్లోనో ఆదివారం పొద్దున మొదలై సాయంత్రానికి ముగిసే చిన్న సదస్సు ఇంకోవైపు. ఉద్యోగం, సంసారం ఉన్నవాళ్ళకి రెండూ కుదరవు. ఏడాదికి ఒక్కటే అంటే నా ఓటు చిన్నదానికే. కాకపోతే చిన్న సభలన్నీ ఒక్క రకం కాదు. తిరకాసంతా అక్కడే ఉంది.

ముందు ఖర్చు తేల్చేద్దాం. విజయవాడ మనకి దాదాపు 350 కిలోమీటర్లు. రైలు టికెట్లు, రెండు రాత్రుల లాడ్జి, రిజిస్ట్రేషన్ రుసుము, పోయాక కొనకుండా ఉండలేని పుస్తకాలు... లెక్క వేలల్లోకి పోతుంది. ఇక్కడైతే ఆర్టీసీ కాంప్లెక్స్‌లో దిగి గ్రంథాలయానికి నడిచిపోవచ్చు. మధ్యాహ్నం పులిహోర, పెరుగన్నం వాళ్ళే పెడతారు.

అలాగని పెద్ద సభల్ని తీసిపారెయ్యను. అట్టమీద పేరు చూడటమే తప్ప మనిషిని ఎరగని రచయితలు అక్కడ ఎదురుపడతారు. రాయలసీమ కథకులు, తెలంగాణ కవులు తమ యాసలో తాము చదువుతుంటే వినడం వేరు, మనం పుస్తకంలో చదువుకోవడం వేరు. ప్రచురణకర్తలు, పత్రికల వాళ్ళు అక్కడే తిరుగుతుంటారు. మీ దగ్గర పుస్తకానికి సరిపడా రాత సిద్ధంగా ఉండి, వేసేవాళ్ళ కోసం చూస్తుంటే అక్కడికే వెళ్ళండి. జనవరి మొదట్లో అయితే విజయవాడ పుస్తక మహోత్సవం కూడా కలిసొస్తుంది. హైదరాబాద్ లిటరరీ ఫెస్టివల్ సంగతి వేరు. అక్కడ గోష్ఠులు ఎక్కువగా ఇంగ్లీషులోనే నడుస్తాయి. వినడానికి బాగుంటుంది గానీ, తెలుగులో రాసుకునేవాడికి చదివే వంతు దొరకడం కష్టం.

వంతు దొరికినా పెద్ద సభ కవిసమ్మేళనంలో జరిగేది వేరే. పెళ్ళిలో బంతి వెనక బంతి లేచినట్టు కవులు లేస్తుంటారు. మనిషికి రెండు నిమిషాలు. మూడో చరణంలో ఉండగానే నిర్వాహకుడి నుంచి చీటీ వస్తుంది. చదివేసినవాళ్ళు ఫొటో తీయించుకుని బయటికి పోతారు, చదవాల్సినవాళ్ళు కాగితం చూసుకుంటూ పెదాలు కదుపుతుంటారు. వినేది ఎవరు? సర్టిఫికెట్ వస్తుంది, చప్పట్లు వస్తాయి. పద్యం బాగుందో లేదో మాత్రం తెలియదు.

ఆ తెలియడం కోసమే చిన్న సదస్సు. ఒకసారి ఇక్కడ ఓ కథాచర్చలో ఒకమ్మాయి ఇక్కడి మత్స్యకారుల పేట పెదజాలారిపేట నేపథ్యంగా రాసిన కథ చదివింది. ముప్పై మందిమి కూడా లేం. కథలో నాయిక మధ్యాహ్నం పిల్లల్ని బడి నుంచి తెచ్చి, అన్నం పెట్టి, అప్పుడు ఫిషింగ్ హార్బరుకి వేలంలో చేపలు పాడుకోడానికి వెళ్తుంది. చదవడం అయ్యాక వెనక వరసలోంచి ఒక పెద్దాయన లేచారు. “అమ్మా, కథ బాగుంది. కానీ పాట తెల్లారగట్లే అయిపోతుంది కదా. మధ్యాహ్నానికి ఆవిడ సరుకమ్ముకుని ఇంటికొచ్చేసి ఉండాలి. మరి తెల్లారగట్ల ఆ పిల్లలు ఎవరి దగ్గరున్నట్టు?” ఆ అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. తర్వాత “అవును మాస్టారూ, అసలు కథ అదేనేమో” అని పెన్ను తీసింది. పక్కనున్నావిడ అమ్మమ్మ సంగతి ఎత్తింది, ఇంకెవరో పక్కింటివాళ్ళన్నారు. అరగంట ఆ పిల్లల మీదే నడిచింది. రెండు నిమిషాల వేదిక మీద ఆ అరగంట ఎక్కడ దొరుకుతుంది? ఆ ఊరు, ఆ హార్బరు తెలిసిన చెవి విజయవాడలో దొరకడమూ కష్టమే.

అయితే చిన్న సభకి పెద్ద జబ్బు ఒకటుంది. అందరూ అందరికీ తెలుసు. మీ పుస్తకానికి నేను ముందుమాట రాస్తాను, నా ఆవిష్కరణకి మీరు అధ్యక్షత వహించండి. శాలువాలు ఈ భుజం మీంచి ఆ భుజం మీదకి పోతుంటాయి. పదింటి సభ పదకొండున్నరకి మొదలవుతుంది, “రెండే ముక్కలు” అన్నాయన ఇరవై నిమిషాలు మైకు వదలడు. ఇలాంటి దానికి పోయేకంటే ఇంట్లో కూర్చుని రాసుకోవడం నయం.

ఏది ఎలాంటిదో ఆహ్వాన పత్రికే పట్టిస్తుంది. ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి అని పేజీ నిండిపోయి, అడుగున చిన్న అక్షరాల్లో “అనంతరం కవిసమ్మేళనం” అని ఉంటే వదిలెయ్యండి. చర్చకు తీసుకున్న కథ పేరు, ఎవరు మొదలుపెడతారు, ఎంతసేపు అని రాసి ఉంటే సెలవు పెట్టయినా వెళ్ళండి.

సభలో విలువైనది వేదిక మీదే జరగాలనేం లేదని ఈ ఊరికి ఎప్పుడో తెలుసు. 1970 ఫిబ్రవరిలో శ్రీశ్రీ షష్టిపూర్తి ఇక్కడే చేశారు. ఆ సన్మాన ప్రసంగాల్లో ఏ వాక్యం ఎవరికి గుర్తుందో గానీ, విశాఖ విద్యార్థుల పేరుతో పంచిన కరపత్రం, “రచయితలారా మీరెటువైపు?” అన్న ప్రశ్న ఇప్పటికీ వినబడుతూనే ఉంది. అదే ఏడాది జూలై 4న హైదరాబాదులో విప్లవ రచయితల సంఘం, అదే విరసం, పుట్టింది. వాళ్ళ దారితో ఏకీభవించకపోయినా, కింద కూర్చున్నవాళ్ళు అడిగిన ప్రశ్న ఎంత దూరం పోగలదో ఒప్పుకోవాలి.

జూమ్ సమావేశాల గురించి రెండు మాటలు చాలు. అమెరికాలో ఉన్న విమర్శకుణ్ణి వినడానికి అంతకు మించింది లేదు. మన రాతకి స్పందన కోసమైతే మాత్రం పనికిరాదు, కెమెరా కట్టేసినవాడు వింటున్నాడో కూర తరుగుతున్నాడో ఎవరు చూడొచ్చారు?

కథలు రాసేవాళ్ళకి ఇంకో దారుంది. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో పెట్టిన కథల గ్రంథాలయం, కథానిలయానికి పొద్దున బయల్దేరి రాత్రికి వచ్చేయొచ్చు. అక్కడ సభ ఉన్న రోజే వెళ్ళాలని లేదు, పాత పత్రికల్లో కథలు చదువుకుంటూ పూట గడపొచ్చు. చర్చ లేని సదస్సుకంటే ఆ చదువే ఎక్కువ నేర్పుతుందని నా అభిప్రాయం.

చిన్న సదస్సుకే వెళ్దామనుకుంటే కథ ప్రతులు ఓ పది జెరాక్స్ తీయించి పట్టుకెళ్ళండి. చెవిన పడ్డదానికంటే కంట పడ్డదాని మీద జనం నిక్కచ్చిగా మాట్లాడతారు. ఎవరేమన్నా అక్కడికక్కడ సమర్థించుకోకుండా రాసుకోండి. వందన సమర్పణ అవగానే పరుగెత్తకండి కూడా. వేదిక మీద మొహమాటపడి ఊరుకున్న సమీక్షకులు బయట టీ కొట్టు దగ్గర నోరు విప్పుతారు. గాజువాక, మధురవాడ వైపు వాళ్ళు బస్సు సంగతి దాన్నిబట్టే చూసుకోవాలి.