రీమేక్‌కి అవార్డు: బయట పెట్టాలా, కలిపి చూడాలా, విడదీసి ఇవ్వాలా?

'గుండమ్మ కథ' రీమేక్ అంటే మా ఇంట్లో ఇప్పటికీ ఎవరూ ఒప్పుకోరు. 1962లో విజయా వాళ్ళు తీసిన ఆ సినిమాకి మాతృక 1958లో వచ్చిన కన్నడ చిత్రం 'మనె తుంబిద హెణ్ణు'. తీసింది జానపద చిత్రాల విఠలాచార్య. ఈ సంగతి చెప్పిన ప్రతిసారీ మా అమ్మ ఒకటే అంటుంది: "సూర్యకాంతం లేని గుండమ్మ ఏం గుండమ్మరా?"

అమ్మ మాటలో న్యాయం ఉంది. కథ కన్నడం నుంచి వచ్చింది సరే, ఎన్టీఆర్ నిక్కరు వేసుకుని రుబ్బురోలు దగ్గర సావిత్రితో కలిసి పిండి రుబ్బుతూ మహిళాలోకం పాట పాడటం ఎక్కడి నుంచి వచ్చింది? డి.వి. నరసరాజు మాటలు, పింగళి పాట, ఘంటసాల బాణీ, గొంతు. అవి మనవే. రీమేక్ కదా అని వీళ్ళందరినీ అవార్డుల గుమ్మం బయటే నిలబెడతామా?

దానికి ముందు అసలు రీమేక్ అంటే ఏమిటో తేల్చుకోవాలి, ఎందుకంటే ఈ మాటని మనం చాలా వదులుగా వాడేస్తాం. 'దేవదాసు' ఎన్నో భాషల్లో వచ్చింది, 1953 తెలుగు 'దేవదాసు'కి ముందే హిందీ, బెంగాలీల్లో తీశారు. నా లెక్కలో అది రీమేక్ కాదు, శరత్ నవలకి ఇంకో రూపం. నేను పెట్టుకున్న కొలత ఇది: దర్శకుడు బావి దగ్గరికి వెళ్ళి నీళ్ళు తోడుకున్నాడా, పక్కింటి బిందెలోంచి వంచుకున్నాడా? నవలకో పురాణానికో వెళితే అనుసరణ. ఇంకో సినిమా స్క్రీన్‌ప్లేకి వెళితే రీమేక్. ఈ కొలతకి లొంగనివీ ఉన్నాయి. 1934లో 'లవకుశ' తీసిన సి. పుల్లయ్యే 1963 'లవకుశ'నీ మొదలుపెట్టారు, ఆయన కొడుకు సి.ఎస్. రావు పూర్తి చేశారు. బావీ ఆయనదే, బిందే ఆయనదే. దాన్ని ఏమనాలో నాకు ఈ రోజుకీ తేలలేదు.

హక్కులు కొనకుండా కథ ఎత్తేసే 'ఫ్రీమేక్' సంగతి వేరు. దానికి కథ, స్క్రీన్‌ప్లే, దర్శకత్వం దేనికీ అవార్డు ఇవ్వకూడదు. డబ్బు కట్టి, టైటిల్స్‌లో మాతృక రచయిత పేరు వేసినవాడిని "రీమేకే కదా" అని తీసిపారేసి, దాచిపెట్టినవాడిని కొత్త కథ రాశాడని మెచ్చుకుంటే అంతకన్నా అన్యాయం లేదు.

ఇక మన ముందున్న మొదటి దారి, రీమేకుల్ని పోటీలోకే రానివ్వకపోవడం. దీని వెనక ఉన్న బాధ నాకు అర్థమవుతుంది. ఖాళీ కాగితం ముందు కూర్చుని కథ పుట్టించడం ఒక కష్టం, ఆడిన కథని తెచ్చుకోవడం ఇంకొకటి, రెండూ ఒకటి కావు. కానీ ఈ దారిలో వెళితే ఎవరిని పోగొట్టుకునేవాళ్ళమో చూడండి. బాలచందర్ 1978లో తెలుగులో 'మరో చరిత్ర' తీసి, దాన్నే 1981లో 'ఏక్ దూజే కే లియే'గా హిందీలో తీశారు. ఆ హిందీ సినిమా పాటకి మన ఎస్పీ బాలసుబ్రహ్మణ్యానికి జాతీయ అవార్డు వచ్చింది. తెలుగు సినిమా బాణీలు ఎమ్మెస్ విశ్వనాథన్‌వి, హిందీవి లక్ష్మీకాంత్-ప్యారేలాల్‌వి. కథ పాతదే కావచ్చు, బాలు పాడిన పాట మాత్రం పూర్తిగా కొత్తది. కథ పాతదైతే గాయకుడి తప్పేంటి?

రెండో దారి, తేడా చూపకుండా అన్నిటితో కలిపి పోటీకి పెట్టడం. పైకి న్యాయంగానే కనిపిస్తుంది, నాకైతే ఇదే ఎక్కువ ప్రమాదం అనిపిస్తుంది. 'దృశ్యం' చూడండి. 2013లో జీతూ జోసెఫ్ మలయాళంలో రాసుకుని తీసిన కథ. తర్వాత రెండేళ్ళలో తెలుగు, కన్నడ, తమిళం, హిందీ నాలుగింటిలోనూ వచ్చేసింది. 2014లో శ్రీప్రియ తీసిన తెలుగు 'దృశ్యం' నాకు బాగా నచ్చింది, వెంకటేష్ ఎంతో అణకువగా చేశాడు. కానీ ప్రేక్షకుడు కుర్చీ అంచుకి జరిగి కూర్చునేలా చేసిన బిగువంతా మాతృక స్క్రీన్‌ప్లేది. మక్కీకి మక్కీ దించిన సన్నివేశానికి "ఉత్తమ స్క్రీన్‌ప్లే" అని ఇస్తే అది ఇంకొకరి ఇంటికి వెళ్ళాల్సిన ఉత్తరం. పైగా మీనా మలయాళం, తెలుగు రెండింటిలోనూ అదే తల్లి పాత్ర చేసింది. రెండోసారి చేసినదాన్ని ఎలా తూచాలి? మొదటిది చూడనివాడు తూచలేడు.

సరిగ్గా ఇక్కడే మూడో దారి మీద నాకు నమ్మకం కుదిరింది. శాఖల వారీగా విడదీసి, మాతృకని పక్కన పెట్టుకుని చూసి ఇవ్వడం. ఆస్కార్‌లో అడాప్టెడ్ స్క్రీన్‌ప్లేకి వేరే విభాగం ఉంది. 2002 హాంకాంగ్ చిత్రం 'ఇన్‌ఫెర్నల్ అఫైర్స్' ఆధారంగా వచ్చిన 'ది డిపార్టెడ్'కి ఉత్తమ చిత్రంతో పాటు ఆ విభాగంలోనూ అవార్డు వచ్చింది. కథ ఎక్కడి నుంచో వచ్చిందని ఆ పేరులోనే ఉంది, దాపరికం లేదు.

అంతకన్నా గట్టి ఉదాహరణ 'కోడా'. దాని మాతృక, 2014లో వచ్చిన ఫ్రెంచి సినిమాలో బధిరులైన తల్లిదండ్రుల పాత్రల్ని వినికిడి ఉన్న నటులే చేశారు. 2021 అమెరికన్ రీమేక్‌లో ఆ పాత్రలకి బధిర నటుల్నే తీసుకున్నారు. పాడి పెట్టుకున్న కుటుంబం చేపలు పట్టే కుటుంబంగా మారింది. తండ్రి పాత్ర వేసిన ట్రాయ్ కాట్సర్‌కి ఉత్తమ సహాయ నటుడిగా ఆస్కార్ వచ్చింది. మాతృక చేయలేని పనిని రీమేక్ చేసింది. దానికి అవార్డు ఇవ్వకపోతే ఇంక దేనికి ఇస్తాం?

మార్చిన ప్రతిదీ గొప్పదైపోదు. మలయాళ 'అయ్యప్పనుమ్ కోశియుమ్' (అంటే అయ్యప్పన్, కోశీ ఇద్దరూ) దర్శకుడు సచీకి ఆయన పోయాక జాతీయ ఉత్తమ దర్శకుడి అవార్డు వచ్చింది. ఆ కథకి ప్రాణం ఇద్దరు మొండివాళ్ళు సమానంగా ఢీకొనడమే. 2022లో తెలుగులోకి వచ్చేసరికి టైటిల్‌లో భీమ్లా నాయక్ ఒక్కడే మిగిలాడు. తమన్ సంగీతం హోరెత్తింది, థియేటర్లో ఈలలు పడ్డాయి, కానీ త్రాసు ఒకవైపు ఒరిగింది. సంగీతానికి ఇవ్వండి, నేను చప్పట్లు కొడతాను. స్క్రీన్‌ప్లేకి ఇస్తానంటే ఒప్పుకోను.

నేటివిటీ అంటే ఊరి పేరు మార్చడం కాదని నాకు నేర్పిన సినిమా 'ఉమామహేశ్వర ఉగ్రరూపస్య'. 2016 మలయాళ 'మహేషింటె ప్రతీకారం'కి రీమేక్. శ్యామ్ పుష్కరన్‌కి ఒరిజినల్ స్క్రీన్‌ప్లే జాతీయ అవార్డు తెచ్చిన కథ అది. దాన్ని వెంకటేష్ మహా ఇడుక్కి కొండల నుంచి అరకు కొండలకి తెచ్చాడు. నలుగురిలో దెబ్బలు తిని, పగ తీరేదాకా కాలికి చెప్పులు వేసుకోనని ఒట్టుపెట్టుకునే ఫొటోగ్రాఫర్ కథ. సన్నివేశాల వరస చాలావరకు మాతృకదే. అయినా ఆ అవమానాన్ని సత్యదేవ్ మొహంలో చూసినప్పుడు నాకు మాతృకలో ఆ పాత్ర వేసిన ఫహద్ ఫాజిల్ గుర్తుకు రాలేదు.

నేనే జ్యూరీలో ఉంటే ఈ సినిమాకి స్క్రీన్‌ప్లే అవార్డు ఇవ్వను, అది శ్యామ్ పుష్కరన్‌ది. సత్యదేవ్‌కి నటుడిగా ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా ఇస్తాను. ఛాయాగ్రహణానికి ఇస్తాను, ఆ అరకు పొగమంచు ఎవరి దగ్గరా అరువు తెచ్చుకున్నది కాదు. సంగీతం దగ్గర మాత్రం రెండు సినిమాల్నీ మళ్ళీ పక్కపక్కన పెట్టుకుని కూర్చోవాల్సిందే, ఎందుకంటే రెండింటికీ సంగీత దర్శకుడు ఆ బిజిబాలే.