మూడు వందల టికెట్‌కు ఒకటిన్నర నాటకం

బెంగళూరు జయనగర నాలుగో బ్లాకులో ఒక మేడ మీది హాల్లో మన తెలుగు కుర్రాళ్లు కొందరు శనివారాల్లో నాటకాలు చదువుతున్నారు. చదవడమంటే కూర్చుని అప్పజెప్పడం కాదు, చేతిలో కాగితాలు ఉంచుకునే సగం నటించేస్తారు. ఈసారి అమెరికా నాటక రచయిత్రి సూజన్-లోరీ పార్క్స్ రాసిన రెండు నాటకాలను తెలుగు చేసి చదివారు. టికెట్ మూడు వందలు. మొదటి నాటకానికే ఆ డబ్బు గిట్టింది.

ఆ మొదటిది 1990లలో వచ్చిన 'ది అమెరికా ప్లే'. సమాధులు తవ్వే ఒక నల్లజాతి మనిషికి అచ్చం అబ్రహాం లింకన్ పోలికలుంటాయి. దాన్నే బతుకుతెరువు చేసుకుంటాడు. గడ్డం అంటించుకుని, పొడుగు టోపీ పెట్టుకుని కుర్చీలో కూర్చుంటాడు. ఒక పెన్నీ ఇచ్చినవాళ్లు, లింకన్‌ను చంపిన బూత్ వేషంలో వెనక నుంచి వచ్చి ఉత్తుత్తి తుపాకీతో కాల్చిపోతారు. అతను పగలబడి నవ్వాలి, ఒరిగిపోవాలి, తర్వాతి బేరానికి మళ్లీ లేచి కూర్చోవాలి. నవ్వు ఎందుకంటే, 1865 ఏప్రిల్ 14 రాత్రి ఫోర్డ్స్ థియేటర్లో లింకన్ చూస్తున్నది హాస్యనాటకమే. బూత్ స్వయానా నటుడు. ఏ మాటకు హాలు గొల్లుమంటుందో చూసుకుని, సరిగ్గా అక్కడే పేల్చాడు.

మా నాన్నగారు పద్యనాటకాలకు హార్మోనియం వాయించేవారు. చచ్చి పడిపోయిన పాత్ర 'వన్స్ మోర్' అన్న కేక వినగానే లేచి పద్యం అందుకోవడం మాకు కొత్త కాదు. కాకపోతే ఈ లింకన్‌కు పద్యం లేదు, జనం మళ్లీ అడిగేది చావునే.

వేషం కట్టిన అబ్బాయిని మెచ్చుకోవాలి. మూడోసారి ఒరిగినప్పుడు గడ్డం ఎడమ అంచు ఊడింది. బొటనవేలితో అదిమిపట్టి, అదే చేతిని చాచి తర్వాతి నాణెం అందుకున్నాడు. అది ముందే అనుకుని చేసిందో, జిగురు చేసిన పనో గానీ, స్టీలు పళ్లెంలో ఆ రూపాయి మోగినప్పుడు హాల్లో ఎవరూ నవ్వలేదు. మొదటిసారి కాల్చినప్పుడు అందరికంటే గట్టిగా నవ్విన ముందు వరుస పెద్దాయన కూడా. చరిత్రతో హాస్యమాడటమంటే నాయకులకు దిండు పొట్టలు కట్టి గంతులేయించడం అనుకునేవాళ్లు ఈ భాగం చూడాలి.

విరామంలో టీ బాగుంది. ప్లాస్టిక్ కుర్చీలు బాగా లేవు.

రెండోది 'టాప్‌డాగ్/అండర్‌డాగ్'. 2002లో పులిట్జర్ అందుకుంది. నాటక విభాగంలో ఆ బహుమతి పొందిన మొదటి ఆఫ్రికన్ అమెరికన్ మహిళ పార్క్సే. ఒకే గదిలో ఉండే ఇద్దరు అన్నదమ్ములకు తండ్రి వేళాకోళంగా పెట్టిన పేర్లు లింకన్, బూత్. అన్న ముఖానికి తెల్లరంగు పూసుకుని ఒక ఆటల దుకాణంలో లింకన్‌గా కూర్చుంటాడు, డబ్బిచ్చినవాళ్లు కాలుస్తుంటారు. తన కుర్చీలో మైనపు బొమ్మను కూర్చోబెడతారేమోనని అతని దిగులు. తమ్ముడికేమో మూడు పేకముక్కలు తిప్పి జనాన్ని ముంచే విద్య అన్న దగ్గర నేర్చుకోవాలని ఆశ.

ఇంత సరుకు చేతిలో పెట్టుకుని పరుగు తీశారు. పార్క్స్ కొన్నిచోట్ల మాటలేమీ లేకుండా పాత్రల పేర్లు మాత్రమే ఒకదాని కింద ఒకటి రాస్తుంది. అక్కడ ఆ ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ ఉండిపోవాలి. చదవడానికి మాటలు లేవు కదా అని వీళ్లు పేజీ తిప్పేశారు. అన్నదమ్ముల మధ్య ఉన్న అసూయ, ప్రేమ సగం ఆ ఖాళీల్లోనే ఉన్నాయి, అవి పోయాక మిగిలింది వాదులాట. పైగా ఎడమచేతిలో కాగితాలు, కుడిచేతిలో పేకముక్కలు! అలా మూడు ముక్కలు తిప్పి బడిపిల్లవాణ్ని కూడా మోసం చేయలేరు.

వెళ్లాలనుకునేవారికి: బండి నిలిపే చోటు లేదు, మెట్రోలో జయనగర స్టేషన్‌లో దిగి నడవడమే మేలు. వచ్చే నెల రెండో నాటకాన్ని మళ్లీ వేస్తారట. కాగితాలు పక్కన పెట్టి ఆడితే ఇంకో మూడు వందలు ఇస్తాను.