వలస పిట్టలు తిరుగు దారి పట్టే వేళ: చెరువు కట్టా, వరి మడి గట్టా?

ఫిబ్రవరి వచ్చిందంటే పక్షులు చూసే మిత్రులు నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే: ఆదివారం ఉదయం హైదరాబాద్ శివారులోని అమీన్‌పూర్ చెరువుకు వెళ్లడం మేలా, ఊరి బయట యాసంగి వరి పొలాల వెంట తిరగడం మేలా? శీతకాలానికి వచ్చిన పక్షులు ఉత్తరానికి మళ్లే రెండున్నర నెలల్లో ఈ ఏడాది నేను ఎక్కువ ఉదయాలు పొలం గట్ల మీదే గడిపాను కనుక, నా మాటలో కొంత పక్షపాతం తప్పదు.

చెరువుకు దక్కవలసిన మర్యాద చెరువుకు దక్కాలి. 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తింపు పొందిన అమీన్‌పూర్‌లోనైనా, హిమాయత్‌సాగర్‌లోనైనా, సూదితోక బాతులు, చెంచామూతి బాతులు గుంపులుగా కనబడేది విశాలమైన నీటి మీదనే. అయితే అవి దూరంగా ఉంటాయి. దూరపు పక్షులను దగ్గరగా చూపే స్పాటింగ్ స్కోప్ లేనివారికి ఎండ ఎక్కేసరికి అవి మెరిసే నీటిపై నల్లని చుక్కలుగానే మిగులుతాయి.

నా దృష్టిలో ఈ ప్రశ్నను తేల్చేది నీటి లోతు. ఉల్లంకి జాతి పిట్టలు మేత కోసం ఈదవు, మునగవు. బురదను ముక్కుతో పొడిచి పురుగును పట్టుకోవాలంటే వాటికి వేలెడు లోతు నీరు, మెత్తని మట్టి కావాలి. దమ్ము చేసిన మడి అచ్చంగా అలాగే ఉంటుంది. ట్రాక్టర్ ఇనుప చక్రాలతో బురదను తిరగేస్తూ ముందుకు సాగుతుంటే, వెనుక కొంగలు, తోకాడించే జిట్టంగులు బారులు తీరుతాయి. వుడ్ శాండ్‌పైపర్లనే ఉల్లంకులు పక్క మడిలో గట్టు నీడన తిరుగుతుంటాయి. నాలుగు అడుగుల దూరం నుంచి కాకపోయినా, ఇరవై అడుగుల నుంచి మామూలు 8×42 బైనాక్యులర్‌తో కంటి చుట్టూ ఉన్న తెల్లని వలయం కూడా కనబడుతుంది.

ఇక్కడే చిక్కుంది. జనవరిలో నాటిన వరి మార్చి కల్లా ఆకులు కలిసి నేలను కప్పేస్తుంది, లోపల ఏ పిట్ట ఉన్నా మనకు అందదు. కోతకు ముందు నీరు తీసేస్తారు. సరిగ్గా అప్పుడే చెరువు నీరు వెనక్కి తగ్గి శిఖం భూమిలో, అంటే చెరువు లోపలి నేలలో, కొత్త బురద బయటపడుతుంది కనుక, మార్చి చివరి వారం నుంచి కొన్నాళ్లు చెరువుదే పైచేయి అని ఒప్పుకోవాలి. అయినా ఏప్రిల్‌లో కోత పూర్తయిన కొయ్యకాళ్ల మడి నన్ను మళ్లీ పిలుస్తుంది: చలికాలమంతా వెలిసిపోయినట్టుండే పసుపు జిట్టంగి మగపిట్టలు అప్పటికి నిండు పసుపు రంగు ధరిస్తాయి, తల నలుపా బూడిదా అన్న దాన్ని బట్టి ఉపజాతిని పోల్చుకొనే వీలు ఏడాదిలో ఆ కొద్ది వారాలకే పరిమితం. అవి మధ్య ఆసియా వైపు వెళ్లిపోయేవరకు చూడవచ్చు.

నాట్లు అన్నిచోట్లా ఒకేసారి పడవు. నగరానికి దిగువన, మూసీ నీటితో సాగయ్యే కొర్రెముల, ప్రతాపసింగారం వైపు వేసవిలోనూ నీరు ఆగదు కనుక, ఒక మడి కోతలో, మరొకటి నాట్లలో, ఇంకొకటి పశువుల మేతకు పెంచే పారాగడ్డితో కనబడుతుంది. వాసన మాత్రం భరించాలి. ఒక రైతు నా బైనాక్యులర్ చూసి, "ఏం సార్, భూమి కొలుస్తుండ్రా?" అని అడిగాడు, రియల్ ఎస్టేట్ వెంచర్ల భయంలో ఉన్న ఊళ్లలో ఆ అనుమానం సహజం కనుక, ముందుగా పలకరించి, పిట్టల కోసం వచ్చామని చెప్పి, నారుమడి పక్కన కాక పెద్ద గట్టు మీదనే నడవడం మంచిది.

మంజీర జలాశయం అందమైనదే కాని, సంగారెడ్డి వైపు దూరం వెళ్లాలి. నగరంలోని కేబీఆర్ పార్కులో చెట్ల పిట్టలు దొరుకుతాయి, బురద పిట్టలు దొరకవు. గులాబి గోరింకలనే చూడాలనుకొంటే పొలమూ వద్దు, చెరువూ వద్దు. మార్చిలో పూసిన మోదుగ చెట్టు ఒకటి వెతుక్కొని దాని కింద నిలబడితే చాలు.

కొత్తగా మొదలుపెట్టేవారికి నేను చెప్పేది ఇదే: ఫిబ్రవరిలో దమ్ము చేసే మడికి, మార్చి ఆఖరులో తగ్గిన చెరువుకు, ఏప్రిల్‌లో కొయ్యకాళ్లకు వెళ్లండి. ఒక్కసారే తీరిక దొరికేవారైతే ఫిబ్రవరి రెండో వారంలో, సూర్యుడు వీపు వెనుక ఉండేలా పడమటి వైపు చూస్తూ, ఏడు గంటల లోపే గట్టు ఎక్కండి.