సింథసైజర్‌లో చైనా: వాంగెలిస్ మేలా, జార్ మేలా?

చైనా స్ఫూర్తితో వచ్చిన ఎలక్ట్రానిక్ ఆల్బమ్‌ల గురించి ఎప్పుడు రాసినా నాకు వచ్చే ప్రశ్న ఒకటే. గ్రీకు సంగీతకారుడు వాంగెలిస్ 1979లో తెచ్చిన ‘చైనా’ ముందు వినాలా, ఫ్రెంచ్ సంగీతకారుడు జాన్ మిషెల్ జార్ 1982లో విడుదల చేసిన చైనా కచేరీల జంట ఎల్పీ (రెండు రికార్డుల ఆల్బమ్) ముందు వినాలా? అడిగేవారిలో చాలామందికి జవాబు కూడా సిద్ధంగానే ఉంటుంది. జార్ చైనా వెళ్లి వాయించాడు, వాంగెలిస్ లండన్‌లోని తన నెమో స్టూడియోలో కూర్చుని ఊహించుకున్నాడు, కాబట్టి జార్‌దే అసలైనది అంటారు. ఈ లెక్క నాకు ఎప్పుడూ రుచించలేదు.

వెళ్లినవాడి ఘనత తక్కువేమీ కాదు. 1981 అక్టోబరులో జార్ బీజింగ్‌లో రెండు, షాంఘైలో మూడు కచేరీలు చేశాడు. మావో తర్వాతి చైనాలో ఒక పాశ్చాత్య పాప్ సంగీతకారుడు వేదిక ఎక్కడం అదే మొదటిసారి. లేజర్ కిరణాలను చేత్తో అడ్డుకుంటూ వాయించే హార్ప్‌ను ఆ యాత్రకే తీసుకెళ్లాడు. చరిత్రగా చూస్తే దానికి సాటి లేదు. అయితే ఆల్బమ్ తీసి వరసగా వినండి. జార్ పాత ఆల్బమ్‌లైన ‘ఈక్వినాక్స్’ భాగాలు, ‘మాగ్నెటిక్ ఫీల్డ్స్’ భాగాలు, అంటే ఫ్రాన్స్‌లో అప్పటికే తయారైన సరుకే చాలావరకు వినిపిస్తుంది. మధ్యలో జనం చప్పట్లు, చైనీయ గొంతులు కలుస్తాయి. ఊరు మారింది, బాణీ మారలేదు.

ఇక్కడే నా కొలబద్ద చెప్పాలి. చైనా సంగీతమంటే ఐదు స్వరాలని అందరికీ తెలుసు. వాళ్ల ‘గోంగ్’ వరస మన మోహన రాగం స్వరాలే. గ్రహభేదం తెలిసినవారికి మిగతాది చెప్పనక్కర్లేదు. అవే ఐదు స్వరాల్లో ఆధార షడ్జం మారిస్తే ‘షాంగ్’ వరస మధ్యమావతి అవుతుంది, ‘జుయే’ హిందోళం, ‘జీ’ శుద్ధ సావేరి, ‘యూ’ శుద్ధ ధన్యాసి అవుతాయి. అలాగని కీబోర్డు మీద మోహన స్వరాలు నొక్కితే మోహనం పలుకుతుందా? గమకం, అంటే స్వరాన్ని ఊపడం, జార్చడం లేని మోహనాన్ని మనం రాగమని ఒప్పుకోం. చైనా వాళ్ల బాధా అదే. గుజెంగ్ అనే చైనా తంత్రీవాద్యం వాయించేవారి కుడిచేయి తీగను మీటుతుంది, ఎడమచేయి తీగను మోసే గుర్రానికి (బ్రిడ్జికి) అవతలివైపు అదే తీగను నొక్కి స్వరాన్ని వంచుతుంది, ఊపుతుంది. ఏడు తీగల గుచిన్‌లోనైతే మీటిన తర్వాత వేలు తీగ వెంట జారుతూ పోతుంది. నాదం సన్నగిల్లి చివరికి వేలి రాపిడి మాత్రమే మిగులుతుంది, అదీ సంగీతంలో భాగమే. సింథసైజర్ చైనాను పట్టుకుందా లేదా అన్నది నా దృష్టిలో స్వరానికీ స్వరానికీ మధ్య ఉన్న ఈ జాగాలోనే తేలుతుంది.

ఈ కొలతకు వాంగెలిస్ ఎలా నిలబడతాడంటే, ఆయన దగ్గర యమహా సీఎస్-80 సింథసైజర్ ఉండేది. దాదాపు వంద కిలోల బరువున్న ఆ వాద్యంలో ప్రతి మీటా విడివిడిగా వేలి ఒత్తిడిని పసిగడుతుంది. పైన ఉన్న పట్టీ మీద వేలు జరిపితే స్వరం జారుతుంది. వాంగెలిస్ యంత్రం చేత లెక్క ప్రకారం వాయింపజేసే రకం కాదు, వేళ్లతో వాయించే రకం. అందుకే ‘ద తావ్ ఆఫ్ లవ్’ లాంటి చోట స్వరాలకు ఊపిరి ఉంటుంది. ‘ద లిటిల్ ఫెట్’లో 8వ శతాబ్దపు కవి లీ బాయ్ పద్యం వినిపిస్తుంది. ఒంటరిగా మధువు తాగుతూ, తనను, తన నీడను, చంద్రుణ్ణి కలిపి ముగ్గురమని లెక్కపెట్టుకున్న పద్యం అది. దాని వెనుక సంగీతం తొందరపడదు, పద్యానికి చోటు వదిలి పక్కకు తప్పుకుంటుంది. ఆ మర్యాద ఆయనకు చైనా వెళ్లకుండానే అబ్బింది. ఆల్బమంతా ఇలాగే ఉందని మాత్రం అనను. ‘ద లాంగ్ మార్చ్’ అని మావో ఎర్రసైన్యం చేసిన సుదీర్ఘ యాత్ర పేరు చూసి ఏదో ఆశిస్తాం, చేతికొచ్చేది ఒక తియ్యటి పియానో బాణీ. అది ఏ దేశానిదైనా కావచ్చు.

జార్ పక్షాన బలమైన సాక్ష్యం ఒకటుంది, దాన్ని దాచడం అన్యాయం. అది ‘ఫిషింగ్ జంక్స్ ఎట్ సన్‌సెట్’. 1930ల్లో లౌ షుహువా పేరుతో ప్రసిద్ధమైన గుజెంగ్ కృతి ‘యూ జౌ చాంగ్ వాన్’ను బీజింగ్ సంగీత విద్యాలయం వాద్యకారులు వాయిస్తుంటే జార్ సింథసైజర్లు తోడు నిలిచాయి. నేను చెప్పిన ఆ జాగా ఇందులో నిండుగా ఉంది, కాకపోతే దాన్ని నింపినవి చైనా వాద్యకారుల చేతులు. రెండు ఆల్బమ్‌లలోనూ అత్యుత్తమమైన కొద్ది నిమిషాలు ఏవంటే నేను ఇవే చూపిస్తాను. పూర్తి ఆల్బమ్‌గా ఒకటే కొనుక్కోవాలంటే మాత్రం వాంగెలిస్ వైపే మొగ్గుతాను.

ఇద్దరినీ కాదని మూడో దారి అడిగేవారికి ఫాతిమా అల్ ఖాదిరీ ‘ఆసియాటిష్’ ఉంది. 2014లో హైపర్‌డబ్ అనే రికార్డు సంస్థ విడుదల చేసింది. డకార్‌లో పుట్టి కువైట్‌లో పెరిగిన ఈమె అప్పటికి చైనా చూడలేదు, చూసినట్టు నటించనూ లేదు. పాశ్చాత్యులు ఊహించుకున్న చైనానే తన సరుకు చేసుకుంది. మొదటి పాట పేరే ‘షాన్‌జాయ్’, అంటే నకిలీ సరుకు. అందరికీ తెలిసిన ఒక ఇంగ్లిష్ పాట అర్థంలేని మాండరిన్ పలుకులతో వినిపిస్తుంది. స్వరాలు కావాలనే బిగుసుకుని ఉంటాయి, వంపు లేదు, జారు లేదు. విదేశీ సినిమాలో భారతదేశం కనిపించగానే సితార్ మోగడం చూసి నవ్వుకున్నవారికి ఈ వెటకారం ఇట్టే అర్థమవుతుంది. తెలివైన పని. అయినా రెండోసారి వినాలన్న కోరిక నాకు కలగలేదు.

చైనాలోనే తయారైనది కావాలంటే బీజింగ్ జంట ఎఫ్ఎం3, అంటే క్రిస్టియాన్ విరాంట్, జాంగ్ జియాన్, 2005లో తెచ్చిన ‘బుద్ధ మెషీన్’ చూడండి. దానికి సీడీ లేదు. గుళ్లలో మంత్రాలు వినిపించే చిన్న ప్లాస్టిక్ పెట్టె నమూనాలోనే, తొమ్మిది చిన్న నాద ఖండాలు తిరుగుతూ ఉండే పెట్టెగా అమ్మారు. తర్వాత వచ్చిన ‘చాన్ ఫాంగ్’ పెట్టెలో గుచిన్ నాదం ఉంది. గమకం పిచ్చి ఉన్నవారు దాన్ని వెతికి పట్టుకోవచ్చు, కానీ అది వినే ఆల్బమ్ కాదు, గదిలో ఒక మూల పెట్టుకునే వస్తువు.

జపాన్ సంగీతకారుడు కిటారో ‘సిల్క్ రోడ్’ గురించి కూడా అడుగుతుంటారు. హాయిగా ఉంటుంది, నిద్రకు ముందు పనికొస్తుంది.

వినడం మొదలుపెట్టేవారు ముందు ఏ గుజెంగ్ విద్వాంసులదైనా ‘యూ జౌ చాంగ్ వాన్’ ఒకసారి విని, ఆ తర్వాత జార్ కచేరీలోని రూపం, చివరగా ‘ద తావ్ ఆఫ్ లవ్’ వినండి. ఫోను స్పీకరులో వద్దు, జారుడంతా అందులో మాయమవుతుంది.